గోరు పీకడం వేరు, తీయడం వేరు

కార్తీకమాసంలో ఒక ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మా పిన్ని కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, బావ దగ్గర కటింగ్ ప్లయర్ ఉంటుందిగా, ఒకసారి ఇస్తావా?" అంది. ఎందుకే అని అడిగితే పది వేళ్ళూ ఎత్తి చూపించింది. ఒక్కో గోరు దాదాపు అంగుళం పొడుగు, వంకాయ రంగు, ఉంగరం వేళ్ళ మీద మెరిసే రాళ్ళు. మూడు రోజుల కిందట మా మేనమామ కొడుకు పెళ్ళికని పార్లర్‌లో ఈ కృత్రిమ గోళ్ళు పెట్టించుకుంది. పెళ్ళైపోయింది, ఫొటోలూ వచ్చేశాయి. సోమవారం మధ్యాహ్నం గుంటూరులో డ్యూటీ. పిల్ల స్టాఫ్ నర్సు. ఆ గోళ్ళతో వార్డులో అడుగుపెడితే ఇన్‌ఛార్జి సిస్టర్ ఊరుకోదు.

ఊరుకోకూడదు కూడా. పేషెంట్లను ముట్టుకునేవాళ్ళు కృత్రిమ గోళ్ళు పెట్టుకోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన చేతుల శుభ్రత మార్గదర్శకాల్లోనే ఉంది. ఎంత తోమి కడిగినా వాటి కింద సూక్ష్మజీవులు మిగిలిపోతాయి.

పెట్టిన పార్లర్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. తెల్లవారుజామున బస్సు. అందుకని ప్లయర్.

ప్లయర్ ఇవ్వలేదు. నా కుడిచేతి బొటనవేలు చూపించాను. దాని కథ చెప్తే గానీ, ఆ రాత్రి మేం చేసిన పని సంగతీ, "యాక్రిలిక్ నెయిల్స్ (గోటి మీద గట్టిపడే ప్లాస్టిక్ గోళ్ళు) ఇంట్లో ముట్టుకోకండి, ప్రొఫెషనల్ దగ్గరికే వెళ్ళండి" అన్న సలహా మీద నాకెందుకు కోపమో అర్థం కాదు.

ఏటీఎం కార్డుతో నా ఘనకార్యం

మే నెలలో మా తమ్ముడి పెళ్ళికి నేనూ పెట్టించుకున్నాను. మొదటి వారం బాగానే ఉంది. పప్పన్నం కలపడం మాత్రం చేతకాలేదు. అరచేత్తో కలిపి, వేళ్ళు దూరంగా పెట్టి, చిన్నపిల్లలా ముద్దలు చేసుకుని తిన్నాను. ఆవకాయ నూనె గోళ్ళ కిందకి దిగి పసుపు రంగు తేలింది. మా అమ్మాయికి జడ వేస్తుంటే చిక్కుల్లో గోరు ఇరుక్కుని ఇద్దరం ఒకేసారి అరిచాం. రెండున్నర వారాలు గడిచేసరికి బొటనవేలి గోరు ఒక మూల కొంచెం లేచింది.

ఆ లేచిన మూలే కొంపముంచింది. టీవీ చూస్తూ చూస్తూ అందులోకి ఏటీఎం కార్డు మూల దూర్చాను. టక్‌మని చిన్న చప్పుడు. ఎండిన పుండు పెచ్చు ఊడుతుంటే ఉంటుందే, అలాంటి పాడు ఆనందం. ఇంకొంచెం తోశాను. మొత్తం ఊడొచ్చింది.

ఊడిన ముక్కని తిరగేసి చూస్తే లోపలివైపు తెల్లగా, పొలుసులా ఏదో అంటుకుని ఉంది. జిగురనుకున్నాను. చూపుడు వేలితో గీకితే అది పొరలుగా రాలింది. అది నా గోరే.

మన గోరు మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో చచ్చిన కణాలు పూతరేకు మడతల్లా పొర మీద పొరగా అతుక్కుని ఉంటాయి. యాక్రిలిక్ పైపొరల్ని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి బలవంతంగా లేపితే ఆ పొరల్ని కూడా పట్టుకునే లేస్తుంది. మర్నాడు చారుకి చింతపండు పిసుకుతుంటే బొటనవేలు భగ్గుమంది. వేడి టీ గ్లాసు పట్టుకోలేకపోయాను.

మిగతా తొమ్మిదింటికీ బుద్ధి తెచ్చుకుని మా కాలనీలోనే ఒక పార్లర్‌కి వెళ్ళాను. అక్కడి అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. వెనక సోఫాలో ఇద్దరు కస్టమర్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. అసిటోన్ అనే ద్రవంలో నానబెట్టడం లాంటివేమీ లేవు, నేరుగా చిన్న డ్రిల్లు మెషీన్ తీసింది. "మంటగా ఉంటే చెప్పండి మేడమ్" అంది. మంటగా ఉంది అన్నాను. "ఒక్క నిమిషం మేడమ్, అయిపోయింది" అంది. ఇరవై నిమిషాల్లో తొమ్మిది గోళ్ళూ తీసేసి ఆరొందలు తీసుకుంది. ఇంటికొచ్చి వెలుతురులో చూసుకుంటే నాలుగు గోళ్ళ మీద మొదళ్ళ దగ్గర అడ్డంగా ఎర్రటి గీతలు. డ్రిల్లు గోరులోకి దిగితే అలా గాట్లు పడతాయని తర్వాత తెలిసింది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. పెట్టడానికి రెండు గంటలు కూర్చుంటే రెండున్నర వేలు వస్తాయి. తీయడానికి గంటన్నర కూర్చుంటే ఆరొందలకి మించి ఎవరిస్తారు? నేనే ఇవ్వను. పెట్టేటప్పుడు ఏ రంగు, ఏ ఆకారం, రాళ్ళు కావాలా అని పది ప్రశ్నలు అడిగినవాళ్ళు, ఎప్పుడు తీయించుకుంటారు, ఎలా తీస్తాం అన్న మాటే ఎత్తరు. నేనూ అడగలేదు.

రెండు వారాలకి ఆషాఢం వచ్చింది. అత్తయ్య రోట్లో గోరింటాకు రుబ్బి పెట్టారు. పొద్దున కడిగి చూసుకుంటే తొమ్మిది వేళ్ళకి ఎప్పటిలా ఎర్రగా పండింది. బొటనవేలు మాత్రం నల్లబడినంత ముదురుగా, మచ్చలు మచ్చలుగా, పైపూత పెచ్చులూడిన గోడకి సున్నం వేసినట్టు పండింది. మొదట్లో ఒక్క సన్నటి నెలవంక మేర మాత్రం నున్నగా ఉంది. కొత్తగా వచ్చిన గోరు అంతే.

చేతి గోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం మారడానికి ఆరు నెలలు పడుతుంది అని ఎక్కడ చదివినా రాసి ఉంటుంది. మన ఆడవాళ్ళకి ఆ లెక్క చదవక్కర్లేకుండానే తెలుసు. ఆషాఢంలో పెట్టిన గోరింటాకు సంక్రాంతికి గోటి కొసన సన్నటి గీతలా మిగులుతుంది కదా.

నానడం

యాక్రిలిక్ అంటే ఒక పొడి, ఒక ద్రవం. బ్రష్షుని ద్రవంలో ముంచి, పొడిలో అద్ది, గోటి మీద పెడితే అవి రెండూ కలిసి గట్టిపడి ప్లాస్టిక్ అవుతుంది. ఇది పళ్ళ డాక్టర్ల దగ్గరి నుంచి వచ్చిన విద్య. కట్టుడు పళ్ళ సెట్లు చేసే యాక్రిలిక్కూ, మోకాలి చిప్ప ఆపరేషన్లో వాడే ఎముకల సిమెంటూ ఇదే కుటుంబం. అంత గట్టి పదార్థాన్ని ప్లయర్‌తో ఎదుర్కుందామనుకుంది మా చెల్లి.

దానికి మందు అసిటోన్. అయితే అది నీళ్ళలో పంచదార కరిగినట్టు యాక్రిలిక్‌ని కరిగించేయదు. లోపలికి మెల్లగా దిగి, ఉబ్బించి, మెత్తబరుస్తుంది. నానిన సగ్గుబియ్యంలా అవుతుంది. అంతా ఈ నానడంలోనే ఉంది. మినప్పప్పు అరగంట నానబెట్టి గ్రైండర్‌లో వేస్తే ఏమవుతుందో వంట చేసే ఎవరికైనా తెలుసు. గోటి దగ్గరికి వచ్చేసరికే మనకి ఆ ఓపిక ఉండదు.

మామూలు నెయిల్ పాలిష్ రిమూవర్‌తో ఈ పని అవ్వదు. చాలావాటి మీద అసిటోన్ లేదని గొప్పగా రాసి ఉంటుంది, ఉన్నవాటిలో కూడా నీళ్ళూ నూనెలూ కలిపి ఉంటాయి. ప్యూర్ అసిటోన్ కావాలి. నా బొటనవేలి అనుభవం తర్వాత బేగంబజార్‌లో కాస్మెటిక్స్ సామాను అమ్మే షాపులో ఒక సీసా కొని అటక మీద పెట్టాను. ఆ రాత్రి పనికొచ్చింది.

ఇక్కడ ఒక పెద్ద చిక్కుంది. మన దగ్గర గోటికి ఏది అతికించినా "ఎక్స్‌టెన్షన్స్" అనే అంటారు. అందులో యాక్రిలిక్ ఉంటుంది, జెల్ ఉంటుంది, జిగురుతో అంటించేవీ ఉంటాయి. హార్డ్ జెల్ అనేది అసిటోన్‌కి లొంగదు. దాన్ని అరగదీయాల్సిందే, అది చెయ్యి తిరిగినవాళ్ళ పని. అలాగే ఎంఎంఏ అనే చవక రసాయనంతో చేసినవి రాయిలా ఉంటాయి, నానడానికి మొరాయిస్తాయి. దంతాల సామాన్లలో బాగానే పనికొచ్చే ఆ ద్రవం గోళ్ళకి ప్రమాదమని అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1970ల్లోనే దాని మీద చర్యలు తీసుకుంది. అందుకే పెట్టించుకునేటప్పుడే "ఏం మెటీరియల్ అమ్మా ఇది?" అని అడగాలి. మా చెల్లి అడగలేదు. "పొడిలో ముంచి పెట్టారా, లైట్ కింద పెట్టమన్నారా?" అని నేనడిగితే, "పొడి, ఘాటు వాసన. పైన మెరుపు కోసం వేసినదానికి మాత్రం లైటు" అంది. యాక్రిలిక్కే అని ధైర్యం వచ్చింది.

దీపం కొండెక్కాక

అసలే కార్తీకం. దేవుడి గదిలో దీపం, తులసికోట దగ్గర దీపం, గుమ్మానికి అటూ ఇటూ దీపాలు. అసిటోన్‌కి పెట్రోలులా అంటుకునే గుణం ఉంది. దాని ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోకుండా నేల వెంబడే పాకుతుంది. అందుకని అన్ని దీపాలూ కొండెక్కేదాకా ఆగుదామన్నాను. "పదవుతుందే అక్కా" అని చెల్లి నస. ఆగాం. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశాం, దోమల చుట్ట ఆర్పేశాం, అమ్మాయిని వేరే గదిలో పడుకోబెట్టి తలుపేశాం. బాల్కనీ తలుపు బార్లా తీసి దాని పక్కనే కూర్చున్నాం.

ఈలోగా అత్తయ్య వచ్చారు. "ఏం చేస్తున్నారర్రా?" అంటే, "గోళ్ళు తీస్తున్నాం అత్తయ్యా" అని నోరు జారాను. "రాత్రిపూట ఇంట్లో గోళ్ళు తీస్తారా! అదీ కార్తీకమాసంలో!" ఇవి నిజం గోళ్ళు కాదని, ప్లాస్టిక్ అని సర్దిచెప్పేసరికి పావుగంట పట్టింది. ప్లాస్టిక్ అయితే దోషం లేదని తీర్పిచ్చి, "వత్తుల పత్తి మాత్రం ముట్టుకోకండి" అని హెచ్చరించి వెళ్ళారు. ఇంట్లో ఉన్నది ఆ పత్తే. కింద మెడికల్ షాపు మూసేలోపు మా ఆయన్ని పరిగెత్తించాం.

మొదట పొడుగు తగ్గించాలి. కాలి గోళ్ళ పెద్ద కట్టర్‌తో ఒకేసారి కొరికేయకుండా, రెండు పక్కల నుంచి కొంచెం కొంచెంగా కత్తిరించాను. ఒక్కసారిగా నొక్కితే పగులు లోపలికి పాకుతుంది. తర్వాత గరుకు ఫైల్‌తో పైన మెరుపు పూత మొత్తం అరగదీశాం. చాలామంది వదిలేసేది దీన్నే. ఆ జెల్ పూత గిన్నె మీద మూతలా ఉంటుంది, అది ఉన్నంతసేపూ అసిటోన్ లోపలికి దిగదు. గంటసేపు నానబెట్టినా రాలేదు అనేవాళ్ళని అడిగి చూడండి, ఈ మూత తీసి ఉండరు. తెల్లటి పొడి ఒడి నిండా పడింది. ముక్కుకి చున్నీ కట్టుకున్నాం. ఆ పొడి పీల్చేదీ కాదు, చర్మానికి పులుముకునేదీ కాదు.

వేళ్ళ చుట్టూ చర్మానికి వాజిలిన్ దట్టంగా రాశాను. పత్తిని గోరంత ముక్కలుగా చింపాం. ఈలోపు మా నర్సమ్మ ఉత్సాహంగా పెళ్ళిలో మిగిలిన థర్మోకోల్ గిన్నెలో అసిటోన్ పోసింది. నేను "ఒసేయ్!" అనేలోపే గిన్నె అడుగు మంచులా మాయమైంది. డైనింగ్ టేబుల్ పాలిష్ మీద అరచేతి వెడల్పున తెల్లటి మచ్చ పడింది. ఇప్పుడు దాని మీద పూలగిన్నె పెడుతున్నాం. అసిటోన్‌కి స్టీలు గిన్నో గాజు గిన్నో వాడాలి.

తడిపిన పత్తి గోటి మీద పెట్టి, చపాతీలు చుట్టే ఫాయిల్ ముక్కతో వేలు బిగించి చుట్టాను. ఒక చెయ్యే. రెండూ ఒకేసారి చుట్టేస్తే ఫోనొచ్చినా, దురద పుట్టినా దిక్కుండదు. వెచ్చదనం ఉంటే త్వరగా నానుతుంది. అలాగని గిన్నెని స్టవ్ మీద, మైక్రోవేవ్‌లో పెట్టే ఆలోచన కూడా రాకూడదు. 56 డిగ్రీలకే మరిగిపోయే ద్రవం అది. అత్తయ్య మోకాళ్ళకి కాపడం పెట్టుకునే వేడినీళ్ళ బ్యాగు ఉంది, దాన్ని ఫాయిల్ మీద ఆనించాం.

ఇరవై అయిదు నిమిషాలయ్యాక ఒక వేలు విప్పాను. గోరు మీద పైభాగం జిగురుజిగురుగా ఉబ్బి ఉంది. ఐస్‌క్రీమ్ పుల్లతో మెల్లగా తోస్తే పాల మీద మీగడ జరిగినట్టు జరిగింది. కానీ సగమే. కింది పొర ఇంకా గట్టిగానే ఉంది. చెల్లి వెంటనే పుల్ల లాక్కుని గీకడం మొదలుపెట్టింది. చేతి మీద ఒకటేశాను. మళ్ళీ పత్తి, మళ్ళీ ఫాయిల్, ఇంకో పావుగంట. నాలుగు వేళ్ళు రెండో విడతకి వచ్చేశాయి, బొటనవేలికి మూడోది పట్టింది. చివరికి సన్నటి పొరలా మిగిలినదాన్ని గీకకుండా గోరు నున్నగా చేసే మెత్తటి బఫర్‌తో నాలుగు రుద్దులు రుద్ది వదిలేశాం. మిగిలింది పెరిగి పోతుందిలే అన్నాను.

రెండో చెయ్యి అయ్యేసరికి పన్నెండున్నర. సబ్బుతో కడిగి కొబ్బరినూనె రాస్తే గోళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా పొడిబారి కనిపించాయి. భయపడింది. అసిటోన్ నూనెనీ తడినీ లాగేస్తుంది, అంతే. నాలుగు రోజులు నూనె రాస్తే సర్దుకుంది.

మరి ప్రొఫెషనల్ ఎందుకు?

ఇది చదివి చర్మవైద్యులు ఎవరైనా మొట్టికాయ వేస్తారేమో అన్న బెరుకు నాకుంది. వాళ్ళ పక్షాన చెప్పుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. లేచిన గోటి కింద తడి చేరితే ఆకుపచ్చ మచ్చ వస్తుంది. అది బ్యాక్టీరియా పని. దాన్ని మళ్ళీ జిగురు వేసి కప్పడం, రంగు వేసి దాచడం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించాలి. చీము, నొప్పి, వాపు ఉన్నా అంతే. షుగర్ ఉండి పుండ్లు తొందరగా మానని వాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు, చేతులకి ఎగ్జిమా ఉన్నవాళ్ళు నా మాట వినొద్దు. యాక్రిలిక్ రసాయనాలకి ఎలర్జీ వస్తే అది గోళ్ళతో పోదు, రేపు పళ్ళకో ఎముకలకో అదే జాతి పదార్థం వాడాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది పెట్టొచ్చని బ్రిటన్ చర్మవైద్యులు 2018లోనే హెచ్చరించారు. వేళ్ళు ఎర్రబడి దురద పెడుతుంటే తీసే పద్ధతి వెతకడం కాదు, పెట్టుకోవడమే మానాలి.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఆరొందలు మిగుల్చుకోవడానికి ఇదంతా చెప్తున్నానా? కొంత నిజమేనేమో. మా ఆయనైతే టేబుల్ పాలిష్ ఖర్చు కలిపి చూడమన్నారు.

అయినా నా వాదన ఇదీ. నా బొటనవేలు పాడైంది ఇంట్లో, మిగతావాటిలో నాలుగు గోళ్ళకి గాట్లు పడింది పార్లర్‌లో. రెండు చోట్లా ఉన్నది తొందరే. పార్లర్ అమ్మాయికి వెనక కస్టమర్లున్నారు, నాకు సీరియల్ మధ్యలో చేతులు ఊరుకోలేదు. నానబెట్టి, ఆగి, రాకపోతే మళ్ళీ నానబెట్టే పార్లర్ దొరికితే హాయిగా వెళ్ళండి. మీరు వెళ్ళేది అలాంటిదో కాదో ఫోన్‌లోనే "నానబెట్టి తీస్తారా, డ్రిల్లుతోనా? ఎంతసేపు పడుతుంది?" అని అడిగితే తెలిసిపోతుంది. ఇరవై నిమిషాలన్నారంటే ఆ గంటన్నర మీ ఇంట్లో గడపడమే మేలు.

"ఇంట్లో ముట్టుకోకండి" అన్న సలహా ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఎవరికీ పనికిరాదు. ముట్టుకోకూడదని మా చెల్లికీ తెలుసు. ఎలా ముట్టుకోవాలో తెలియకే ప్లయర్ అడిగింది. అమెరికాలో చర్మవైద్యుల అకాడమీ జెల్ పాలిష్‌ని ఇంట్లో ఎలా తీసుకోవాలో వరుసగా చెప్తుంది. అదే పత్తి, అదే ఫాయిల్, అదే వాజిలిన్. వాళ్ళు చెప్పగా లేనిది మన పార్లర్ల వాళ్ళు ఒక చిన్న కాగితం మీద రాసి ఇస్తే ఏం పోయింది? రెండోసారి నలభై నిమిషాలు నానినా మెత్తబడకపోతే ఆపేయండి, అది యాక్రిలిక్ కాకపోవచ్చు, మా దగ్గరికి రండి అన్న ఒక్క ముక్క అందులో ఉంటే చాలు.

ఆ రాత్రి మిగిలిన పని కూడా చెప్పాలి. వాడిన పత్తిని ఆరేదాకా బాల్కనీలోనే ఉంచి తర్వాత చెత్తలో వేశాం. గిన్నెలో మిగిలిన అసిటోన్ సింకులో పోయబోతే మా ఆయన ఆపారు. కింద పైపు పీవీసీ, టేబుల్‌కి పట్టిన గతే దానికీ పడుతుందట. సీసా మీద ఎర్ర స్కెచ్‌తో "నీళ్ళు కాదు" అని రాసి మళ్ళీ అటకెక్కించాను. తర్వాత ఒకసారి మా అమ్మాయి బొమ్మ అతికిస్తూ రెండు వేళ్ళు ఫెవిక్విక్‌తో అంటించుకుంటే అదే దించాల్సి వచ్చింది.

సంక్రాంతికి చెల్లి వచ్చినప్పుడు ఇద్దరం వాకిట్లో కూర్చుని చేతులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. దాని గోళ్ళు శుభ్రంగా, నున్నగా ఉన్నాయి. నా బొటనవేలి కొసన ఆషాఢం నాటి నల్లటి మచ్చ దారపు పోగంత మిగిలి ఉంది. ముగ్గు గిన్నె పక్కన పెట్టి, కట్టర్ తెచ్చుకుని అక్కడే కత్తిరించేశాను. అది మంగళవారమో శుక్రవారమో అత్తయ్యని అడగలేదు.